చక్రాల మీద రాష్ట్రం

కెనోమా టెరిటరీ ఎక్కడుందని మ్యాపులో వెతక్కండి, దొరకదు. పేరు నేను పెట్టింది. కాలం మాత్రం అమెరికాలో రైళ్ళు పడమటికి పాకుతున్న కాలం. టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం హోదా రాని ప్రాంతం. నిశ్చితార్థమై ముహూర్తం కుదరని సంబంధం లాంటిది. అక్కడ పన్నులు కట్టొచ్చు, చలికి చావొచ్చు, అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం మాత్రం కుదరదు. గవర్నరు వాషింగ్టన్ నుంచి దిగుతాడు. అక్కడెక్కడా ఏ పనికీ రాని పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఆయన్ని సగౌరవంగా ఇటు పంపించేవారు.

ఆ గడ్డి మైదానంలో అంతకుముందు కొందరు ఉండేవారు. తోలు గుడారాలు వేసుకుని, రుతువు మారగానే వాటిని విప్పి వెంట తీసుకుపోయేవారు. ఇల్లు ఒకచోట నిలవదు కనక వీళ్ళది స్థిరనివాసం కాదు, కనక నేల వీళ్ళది కాదు అని సర్కారు తేల్చింది. సైన్యం వచ్చి వాళ్ళని ఇంకా పడమటికి తోలేసింది. ఈ సంగతి ఇంతటితో మర్చిపొమ్మని సర్కారు వారి కోరిక. నాకు మాత్రం మర్చిపోవాలని లేదు.

తరవాత చట్టం వచ్చింది. ఎవరైనా సరే, నూట అరవై ఎకరాలు ఉచితం. అయిదేళ్ళు కాపురముండి, దున్ని, ఇల్లు కట్టి, కట్టినట్టు సాక్షి చేత ప్రమాణం చేయిస్తే పట్టా. వినడానికి ఎంత బావుందో చూడండి. చిక్కల్లా ఇల్లు అన్న మాట దగ్గర వచ్చింది. చట్టం ప్రకారం ఇల్లంటే చెక్క గోడలు, చెక్క నేల, ఒక తలుపు, ఒక గాజు కిటికీ. ఆ చట్టం రాసినాయన కిటికీలోంచి చూస్తే చెట్లు కనబడి ఉంటాయి. కెనోమాలో చెట్టన్నది లేదు. నీడ కావాలంటే మనిషి తన టోపీ కింద నిలబడాల్సిందే.

అందుచేత బుద్ధున్నవాళ్ళు మట్టితో కట్టుకున్నారు. గడ్డి వేళ్ళు అల్లుకుపోయిన పైనేలని నాగలితో పెళ్ళలు పెళ్ళలుగా కోసి, ఇటికల్లా పేర్చి, మూరెడు మందం గోడలు లేపేవారు. చలికాలం వెచ్చన, ఎండాకాలం చల్లన. అలా కట్టుకున్నవాళ్ళలో బెరిట్ ఒకావిడ. నార్వే నుంచి మొగుడితో వచ్చింది. మనం బెరిటమ్మ అనుకుందాం, నోటికి హాయిగా ఉంటుంది. వచ్చిన రెండో ఏడు మొగుడు జ్వరంతో పోయాడు. అతన్ని పొలం గట్టు మీదే పాతిపెట్టి, ఆవిడే బావి పూర్తి చేసింది, ఆవిడే గోధుమ చల్లింది. చుట్టుపక్కల తియ్యటి నీళ్ళున్న బావి అదొక్కటే. పట్టా రాకపోతే బావి పోతుంది, పంట పోతుంది, గట్టు మీది సమాధి కూడా పరాయివాడి పాలవుతుంది. ఆవిడకి నిద్ర పట్టనిది ఈ చివరి సంగతికే.

గడువు పూర్తికాగానే గుడ్‌హోప్ ఊళ్ళో ఉన్న భూమి ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ రిజిస్ట్రారు ఒబడయా స్నెల్ గారు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యం గెజిట్‌లో అచ్చవడానికి సిద్ధంగా ఉండేది.

"ఇల్లు ఏ సామగ్రితో నిర్మితమైనది?" అన్నాడు.

"మట్టితోనండీ. బాగా గట్టిగా ఉంటుంది. వానకి కూడా చెక్కు చెదర్లేదు."

స్నెల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, తమరు గ్రహించవలసినది యేమనగా, ఇల్లు అనునది భూమి మీద ఉంచబడిన, భూమి కాని ఒక వస్తువు. తమరు భూమిని కోసి భూమి మీద పెట్టారు. ఇది నిర్మాణము కాదు. భూమి యొక్క స్థానచలనము. ఎలుకలు కూడా చేయును."

"ఎలుకలు అయిదేళ్ళు గోధుమ పండిస్తాయా బాబూ?"

"అది వ్యవసాయ శాఖ పరిధిలోనిది," అన్నాడాయన.

బయటికొస్తే మెట్ల మీద సైలస్ టటిల్ కూర్చుని ఉన్నాడు. ఇతన్ని గురించి చెప్పుకోవాలి. పాత బళ్ళు రెండు విప్పి, ఆ చెక్కలతో చిన్న ఇల్లు కట్టి, దాన్ని నాలుగు చక్రాల మీద ఎక్కించాడు. కొలతలన్నీ చట్టంలో ఉన్నట్టే. ఒక తలుపు, ఒక గాజు కిటికీ. ఆరు ఎద్దులు లాగేవి. పట్టా కావల్సినవాడి పొలంలోకి ఇంటిని తోలుకెళ్ళేవాడు. ఆ రాత్రి ఆ రైతు అందులో పడుకునేవాడు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, బైబిలు మీద చెయ్యేసి, "నా పొలంలో చెక్క ఇల్లుంది, రాత్రి అందులోనే పడుకున్నాను" అనేవాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సాక్షి కూడా సైలసే. ఇల్లు తనది కనక, ఇల్లుందని అతనికంటే గట్టిగా ఎవడు చెప్పగలడు? పట్టా చేతికొచ్చేలోపు ఎద్దులు పక్క పొలానికి బయల్దేరేవి. అద్దె కింద ఓ పంది తొడో, బస్తా బంగాళాదుంపలో పుచ్చుకునేవాడు.

ఇంట్లో మనుషులున్న కళ రావాలని గోడకి ఒక పటం కూడా తగిలించాడు. ఎవరో ముసలావిడ, తెల్ల టోపీ, బిగించిన పెదాలు. పాత సామాన్ల దుకాణంలో కొన్నాడు. ప్రతి రైతూ ఆవిణ్ణి తన బామ్మ అని చెప్పుకునేవాడు. టెరిటరీలో ఐరిష్ వాళ్ళకీ, జర్మన్లకీ, మిస్సోరీ నుంచి వచ్చినవాళ్ళకీ ఉమ్మడిగా ఒకే బామ్మ ఉండేది. స్నెల్ గారు కూడా బెరిటమ్మ పొలం పక్కనే భూమి పట్టా చేయించుకున్నాడు. ఆయన గోడ మీదా ఆ రాత్రి ఆవిడే వెలిసింది.

"బెరిటమ్మా, నా ఇల్లు పట్టుకుపో," అన్నాడు సైలస్. "అందరూ తీసుకెళ్తున్నదే. ఒక్క రాత్రి పడుకో, పొద్దున్నే వెళ్ళి ప్రమాణం చేసెయ్. నీ దగ్గర అద్దె కూడా అడగన్లే."

"నాకు ఇల్లుంది సైలస్."

"ఉంది, నాకు తెలీదా? కాయితంలో లేదంటున్నాను."

"నా మొగుడు కోసిన పెళ్ళలవి. వాటి ముందు నీ బండి తెచ్చి నిలబెట్టి, నా ఇల్లు ఇదీ అని దేవుడి పుస్తకం మీద చెయ్యి వెయ్యమంటావా? నా వల్ల కాదు."

ఇలాంటి మొండి మనుషులుంటే ఏ ప్రభుత్వమైనా ఎలా నడుస్తుంది చెప్పండి. స్నెల్ గారు ఆవిడ దరఖాస్తు మీద "నివాసం లేనందున పరిశీలనలో ఉన్నది" అని రాసి పక్కన పెట్టాడు. పక్కన పెట్టేటప్పుడు కిటికీలోంచి ఆ బావి ఉన్న దిక్కుకే చూశాడని గిట్టనివాళ్ళు అంటారు.

ఇంతలో రాష్ట్రం హోదా గాలి పట్టుకుంది. టెరిటరీ రాష్ట్రం కావాలంటే అక్కడ సంసారులు కుదురుగా ఇళ్ళు కట్టుకుని ఉన్నట్టు రుజువు కావాలి. గవర్నరు స్నెల్ గారిని అడిగాడు. స్నెల్ గారు రికార్డులు చూసి, కెనోమాలో ప్రతి పొలంలోనూ చెక్క ఇల్లుందని, ప్రతి ఇంటికీ గాజు కిటికీ ఉందని రాసి పంపాడు. వాషింగ్టన్‌లో ముక్కున వేలేసుకున్నారు. చెట్టు లేని దేశంలో ఇన్ని చెక్క ఇళ్ళా! ఇంత పురోగతి కళ్ళారా చూసి రమ్మని లూథర్ గ్రిమ్స్‌బీ అనే పరిశీలకుణ్ణి పంపించారు.

గ్రిమ్స్‌బీ గారు చెడ్డవాడు కాదు. చాలా నిజాయితీపరుడు. తన కళ్ళతో చూసిందే రాస్తాడు. తన కళ్ళకి ఏం చూపిస్తున్నారన్నది మాత్రం ఆయన ఉద్యోగ ధర్మంలోకి రాదు.

ఏర్పాట్లన్నీ స్నెల్ గారే చూశాడు. పొద్దున ఒక పొలంలో ఇల్లు చూపించడం, రైతు పెళ్ళాం చేత కాఫీ ఇప్పించడం, ఆ తరవాత పరిశీలకుణ్ణి గుర్రబ్బండిలో వాగు చుట్టూ తిప్పి, దారిలో అడవి దున్నల ఎముకలు చూపించి, భోజనం పెట్టి తీసుకురావడం. ఈలోగా సైలస్ అడ్డదారిన ఎద్దుల్ని తరిమి ఇంటిని తరవాతి పొలంలో నిలబెట్టేవాడు. అతని తల ప్రాణం తోకకొచ్చేది. ఒకసారైతే ఇల్లు ఆగీ ఆగకుండానే పరిశీలకుడు లోపల అడుగు పెట్టాడు. బామ్మ పటం ఇంకా ఊగుతూనే ఉంది.

మూడో ఇంటి దగ్గర గ్రిమ్స్‌బీ గారికి అనుమానం రానే వచ్చింది.

"స్నెల్ గారూ, ఈ ముసలావిణ్ణి నేను పొద్దున కూడా చూశాను."

స్నెల్ గారు ఊరికే రిజిస్ట్రారు కాలేదు.

"కెనోమా మాతృమూర్తి అండి. మా ప్రజలు ఆమె పటమును ప్రతి గృహమందును ఉంచుకొనుట ఆచారము."

గ్రిమ్స్‌బీ గారు టోపీ తీశాడు. "ఒకే కొలత, ఒకే కిటికీ, ఒకే మాతృమూర్తి. ఇంత ఏకరూపత నేను మసాచుసెట్స్‌లో కూడా చూడలేదు. మరి ఈ చక్రాలేమిటి?"

"గాలులండి. తుపాను వచ్చినచో ఇల్లు పక్కకు తప్పుకొనును."

"అద్భుతం!" అన్నాడు పరిశీలకుడు. ఆ సాయంత్రమే టెలిగ్రాం కొట్టాడు. వారం తిరక్కుండా సవరణ వచ్చింది. కెనోమాలో ఇకమీదట నివాసమంటే మాతృమూర్తి పటం, నాలుగు చక్రాలు గల చెక్క ఇల్లు మాత్రమే. ఇళ్ళు కదులుతున్నాయని ఒక జాతి జాతినే వెళ్ళగొట్టిన సర్కారు, కదలని ఇల్లు ఇల్లే కాదని సంతకం పెట్టింది.

బామ్మ పటం మాట అటుంచితే, బెరిటమ్మ ఇంటికి ఇప్పుడు రెండు తప్పులు. మట్టిది కావడం ఒకటి, కదలకపోవడం ఒకటి.

పర్యటన ఆఖరి రోజున స్నెల్ గారి సొంత పొలం. ఇల్లు నిలబెట్టారు. గ్రిమ్స్‌బీ గారు, స్నెల్ గారు లోపల కూర్చుని కాఫీ తాగుతున్నారు. సైలస్ బయట ఎద్దుల్ని విప్పి మేతేస్తున్నాడు. మధ్యాహ్నం వేళ వాయవ్యం నుంచి మంచు తుపాను వచ్చింది. అది చెప్పి రాదు. అప్పటిదాకా నీలంగా ఉన్న ఆకాశం తెల్లగా అయిపోయి, చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. స్నెల్ గారు చెప్పినట్టే, గాలి రాగానే ఇల్లు తప్పుకుంది. వాలులో దొర్లుకుంటూ, లోపల ఇద్దరు అధికార్లతోనూ, ఒక కాఫీ కెటిల్‌తోనూ హద్దు దాటి, బెరిటమ్మ పొలంలోకి వెళ్ళి, ఆవిడ వాకిట్లో బోల్తా పడి ముక్కలు ముక్కలైంది. సైలస్ ఎద్దుల తోకలు పట్టుకుని వెనకే వచ్చాడు.

బెరిటమ్మ తలుపు తీసి, ముగ్గుర్నీ చొక్కాలు పట్టి లోపలికి లాగింది. ఎద్దుల్ని గొడ్లపాకలోకి తోలింది.

తుపాను తగ్గేదాకా వాళ్ళు అక్కడే ఉన్నారు. బయట ప్రపంచం కూలిపోతున్నట్టుంది, లోపల పొయ్యి మీద దుంపల పులుసు ఉడుకుతోంది. సైలస్ కాలి వేళ్ళు నల్లబడబోతుంటే ఆవిడ వాటిని ఒళ్ళో పెట్టుకుని గొంగడి చుట్టి గంటల తరబడి కూర్చుంది. స్నెల్ గారు మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు. వెచ్చటి మట్టి గోడకి వీపానించి పిల్లాడిలా నిద్రపోయాడు.

గాలి తగ్గాక బెరిటమ్మ పరిశీలకుణ్ణి అడిగింది: "బాబూ, ఇన్నాళ్ళు ఎక్కడున్నారని రాస్తారు?"

గ్రిమ్స్‌బీ గారు నిజాయితీపరుడని చెప్పానుగా. "అమ్మా, తమరికి నేను ప్రాణం బాకీ. కాని కృతజ్ఞత నా సొంత విషయం, నిర్వచనం ప్రభుత్వానిది. ఆరుబయట ఉన్నామని రాయక తప్పదు."

"ఆరుబయట ఉన్నవాళ్ళు ఆ మంచులో బతికేవాళ్ళా?"

"ఆ విషయం రిపోర్టులో ప్రస్తావించను," అన్నాడాయన తల దించుకుని.

బయటికొచ్చి చూస్తే వాకిలంతా చెక్కలు. వాటి మధ్య మాతృమూర్తి పటం వెల్లకిలా పడి ఆకాశాన్ని చూస్తోంది.

"ఇది ఎవరి ఇల్లు స్నెల్ గారూ?" అన్నాడు పరిశీలకుడు.

ఇక్కడ స్నెల్ గారు తన ఉద్యోగ జీవితంలోకెల్లా గొప్ప మాట అన్నాడు. "అందరిదీనండి. టెరిటరీలోని ఇళ్ళన్నింటినీ గాలి ఇచటికే చేర్చినది."

"అన్నింటినీ? చెక్క ఇంతే ఉందే?"

"గాలి చాలా బలమైనదండి."

గ్రిమ్స్‌బీ గారు తన కళ్ళతో చూసింది రాశాడు. ఇళ్ళన్నీ ఒకేచోట ఉంటే అది పొలం కాదు, నగరం. రాష్ట్రం కావడానికి రాజధాని ఎటూ కావాలి. నగరం పడ్డ నేల మీద ఉచిత భూమి చట్టం పనిచేయదు, కనక బెరిటమ్మ దరఖాస్తు కొట్టేశారు. ఆ నగర జనాభా మొత్తం ఆవిడొక్కతే. బావిని శాసనసభ్యుల తాగునీటికి కేటాయించారు. సమాధి ఉన్న గట్టు మీదుగా వీధి వస్తుందన్నారు.

స్నెల్ గారు స్వయంగా వచ్చి చెప్పాడు. "ఇల్లు ఖాళీ చేయవలెను."

"ఏ ఇల్లు?" అంది బెరిటమ్మ.

ఖాళీ చేయించాలంటే ఇల్లుందని ఒప్పుకోవాలి. ఇల్లుందని ఒప్పుకుంటే అయిదేళ్ళ కాపురమూ ఒప్పుకోవాలి. స్నెల్ గారు నాలుగు రోజులు ఆఫీసు తలుపేసుకుని కూర్చున్నాడు. అయిదో రోజున ఉపాయం దొరికింది. అది ఇల్లు కాదు, మట్టి గుట్ట. గుట్టని చదును చెయ్యడానికి ఎవరికీ నోటీసు ఇవ్వనక్కర్లేదు. గుట్ట లోపల ఎవరైనా కూర్చుని ఉంటే అది వారి ఇష్టం.

శంకుస్థాపన నాడు గవర్నరు రాలేదు, జలుబు చేసింది. గ్రిమ్స్‌బీ గారు వచ్చాడు. ఊరి జనం బ్యాండుతో వచ్చారు. చదును కాంట్రాక్టు సైలస్‌కి ఇచ్చారు. ఇల్లు పోయాక అతనికి మిగిలిన జీవనాధారం ఆరెద్దులేగా. పెద్ద నాగలి కట్టుకుని వచ్చాడు. బెరిటమ్మ బయటికి రాలేదు. తలుపు మూసి ఉంది. పొగగొట్టంలోంచి మాత్రం పొగ వస్తోంది.

"గుట్టను తొలగింపుము," అన్నాడు స్నెల్ గారు చెయ్యెత్తి.

సైలస్ నాగలి గోడకి ఆనించాడు. ఆగాడు. కుంటుకుంటూ ఇటు తిరిగొచ్చి, తలమీది టోపీ తీసి, తలుపు తట్టాడు.

బ్యాండు ఆగిపోయింది.

"ఏమి చేయుచున్నావు?" అన్నాడు స్నెల్ గారు.

"తలుపు తడుతున్నానండి."

"గుట్టకు తలుపు తట్టుట ఏమి?"

"గుట్ట ఏంటండీ, ఇల్లు!" సైలస్ గొంతు పెరిగింది. "నేను ఇందులో పడుకున్నాను. తిన్నాను. నా కాళ్ళు ఇక్కడే బతికాయి. మీరూ ఆ మూల గోడకానుకుని గుర్రు పెట్టారు. నా జన్మలో ఇన్నిళ్ళకి సాక్ష్యం చెప్పాను, దీనికి మాత్రం ఎవరూ అడక్కుండా చెప్తున్నాను. బైబిలు తెప్పించండి. ఇది ఇల్లే!"

"ఈ మనిషి మాట చెల్లదు," అన్నాడు స్నెల్ గారు. "ఇతడు ఒక..."

అక్కడ ఆగిపోయాడు. గ్రిమ్స్‌బీ గారు ఆసక్తిగా ఆయన వంక తిరిగాడు.

"ఇతను సైలస్ టటిలే కదా? టెరిటరీలోని పట్టాలన్నిటికీ సాక్షి ఇతనేనని మీ రికార్డులో చూశాను. మీ పట్టాకి కూడా. ఇతని మాట చెల్లకపోతే..."

పరిశీలకుడు ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. వెనక నిలబడ్డ రైతులు పూర్తి చేసుకున్నారు. ఒక్కొక్కడికీ తన నూట అరవై ఎకరాలు కళ్ళముందు తిరిగాయి. సైలస్ అబద్ధాలకోరైతే ఎవరికీ ఇల్లు లేదు, ఎవరికీ భూమి లేదు, రాష్ట్రమూ లేదు. క్షణంలో జనమంతా, "సైలస్ నిజం తప్ప పలకడు!" "హరిశ్చంద్రుడే అనుకోండి!" అనే అర్థం వచ్చేట్టు వాళ్ళ భాషలో కేకలేశారు. బ్యాండువాడు కూడా ఒకసారి ఢంకా కొట్టాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. బెరిటమ్మ పిండి చేతులతో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గడపలో నిలబడ్డ సైలస్‌ని చూసి, "చలిలో ఎందుకు నిలబడ్డావ్, లోపలికి రా," అంది. ఆ మాట విన్నప్పుడు సైలస్ టోపీని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనైనా అంతే చేసేవాణ్ణి.

స్నెల్ గారు ముందుకొచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. ఇల్లు ఉన్నది. చట్టమేమో కలప అంటున్నది. రెండూ నిజము కావలెను. కావున కెనోమా పరిధిలో మట్టి కూడా ఒక రకమైన కలపగా పరిగణింపబడును. మాతృమూర్తి పటము ఈ వాకిటనే లభించినది గనుక అదియు ఉన్నట్లే. భూమి గుండ్రంగా తిరుగుచున్నదని పండితులు చెప్పుచున్నారు గనుక, దాని మీది ఇంటికి వేరుగా చక్రములు అవసరము లేదు.

అలా బెరిటమ్మకి పట్టా వచ్చింది. రాజధాని పక్క పొలానికి జరిగింది. అది స్నెల్ గారిది. ఆయన పెద్దగా బాధపడినట్టు కనబడలేదు. కెనోమా రాష్ట్రమైంది. బాణాసంచా కాల్చారు. సైలస్ ఎద్దులు బెదిరి పారిపోతే పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

చలి విరిగాక బెరిటమ్మ నాగలి కట్టి, గట్టు మీది సమాధి దగ్గర రెండు నిమిషాలు నిలబడి, తన సొంత నేల మీద మొదటి చాలు వేసింది. చాలు సగం సాగిందో లేదో, కొత్త రాష్ట్రం వారి జవాను గుర్రం మీద వచ్చి ఒక నోటీసు చేతిలో పెట్టాడు. కొత్తగా ఏర్పడిన అటవీ శాఖ నుంచి. అనుమతి లేకుండా నూట అరవై ఎకరాల కలప నరుకుచున్నందుకు సంజాయిషీ ఇచ్చుకోవలెనట.

బెరిటమ్మ దాన్ని చదివించుకుని వింది. జవానుకి చల్లటి బావినీళ్ళు ఇచ్చింది. అతను తాగి చెంబు తిరిగిచ్చేలోపే ఆవిడ ఎద్దుల్ని అదిలించి రెండో చాలు మొదలుపెట్టింది.